పాత ఫోనుకు న్యాయమైన ధర: ఇద్దరూ ఒప్పుకుంటే సరిపోతుందా?

నమాజు, రోజా, జకాత్ విషయంలో ఎంతో జాగ్రత్త వహించే కుటుంబాలు మనలో చాలా ఉన్నాయి. అంగడి నుండి తెచ్చిన మాంసం హలాలా కాదా అని విచారిస్తాం. బ్యాంకులో పడిన వడ్డీ సొమ్మును ఏం చేయాలని ఆలిములను అడుగుతాం. కాని పాత ఫోను ఇచ్చి కొత్తది తెచ్చుకున్న రోజున, ఆ బేరం ధర్మసమ్మతంగా జరిగిందా అని ఎవరమూ అడగం. “ఇద్దరం ఒప్పుకున్నాం కదా, ఇక ప్రశ్న ఏముంది?” అనుకుంటాం. ప్రశ్న అక్కడే ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గల్ఫ్‌లో ఉన్న కొడుకు పంపిన ఫోనును ఒక వృద్ధురాలు అమ్మడానికి దుకాణానికి తెచ్చింది. అది ఏ మోడలో, బజారులో ఎంత పలుకుతుందో ఆమెకు తెలియదు. దుకాణదారుడికి మాత్రం సాయంత్రంలోగా అది తొమ్మిది వేలకు అమ్ముడుపోతుందని తెలుసు. “రెండు వేలు ఇస్తాను ఖాలా” అన్నాడు. “నీకు తెలిసినంత నాకేం తెలుసు బేటా, నీ ఇష్టం” అని ఆమె డబ్బు తీసుకుని వెళ్ళింది. అతను అబద్ధం ఆడలేదు, బలవంతం చేయలేదు. ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఇప్పుడు దీనికి ఎదురుగా మరో ఉదాహరణ చూడండి. ఒక యువకుడి ఫోను నీళ్ళలో పడింది. ఆరబెట్టాడు, పనిచేసింది. ఎన్నాళ్ళు పనిచేస్తుందో తెలియదు. పైన తుడిచి, మెరిసేలా చేసి, ఎక్స్‌చేంజ్‌లో ఇచ్చాడు. దుకాణదారుడు అడగలేదు, ఇతను చెప్పలేదు. ఇక్కడా ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఈ రెండు బేరాలలో అన్యాయం జరిగిందా? జరిగితే, ఒప్పుదల ఉండగా అది అన్యాయం ఎలా అయింది?

అంగీకారం అంటే ఏమిటి?

దివ్యఖుర్ఆన్ నిసా సూరా 29వ ఆయతులో అల్లాహ్ విశ్వాసులను ఉద్దేశించి, ఒకరి సొమ్మును మరొకరు అధర్మంగా తినరాదని ఆదేశించి, పరస్పర అంగీకారంతో జరిగే వర్తకాన్ని దాని నుండి మినహాయించాడు. కనుక అంగీకారం తప్పనిసరి. కాని మనిషి తనకు తెలిసిన దానికే అంగీకరించగలడు. తన కళ్ళ ఎదుట లేని దానికి, తనకు దాచిపెట్టిన దానికి అతను అంగీకరించాడని ఎలా అనగలం?

సహీహ్ ముస్లింలో ఉన్న ఒక సంఘటన మనందరికీ తెలిసిందే. దైవప్రవక్త (సల్లం) బజారులో ఒక ధాన్యపు రాశి దగ్గర ఆగి, అందులో చేయి పెట్టి చూశారు. లోపల తడి తగిలింది. వర్షం వల్ల తడిసిందని వర్తకుడు చెప్పుకున్నాడు. జనానికి కనిపించేలా తడి ధాన్యాన్ని పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (సల్లం) అడిగారు. మోసం చేసేవాడికి తమతో సంబంధం లేదని హెచ్చరించారు. గమనించండి, ఆ వర్తకుడు నోటితో ఏ అబద్ధమూ చెప్పినట్లు ఆ కథనంలో లేదు. వర్షం కురవడం అతని తప్పూ కాదు. తడిని అడుగున ఉండనివ్వడం ఒక్కటే అతని నేరం.

నీళ్ళలో పడి ఆరిన ఫోనుకూ ఆ తడి ధాన్యానికీ తేడా ఏముంది? చాలా ఫోన్లలో సిమ్ పెట్టే చోట ఒక చిన్న గుర్తు ఉంటుంది. నీరు తగిలితే అది ఎర్రబడుతుంది. మనిషి దాచినా వస్తువు సాక్ష్యం చెబుతోంది. వస్తువులే సాక్ష్యం చెప్పే దినమొకటి ముందుందని నమ్మినవాడు ఈ చిన్న గుర్తును చూసి అయినా జాగ్రత్తపడాలి.

లోపం చెప్పాలి సరే, విలువ కూడా చెప్పాలా?

అమ్మేవాడు లోపాన్ని చెప్పాలన్న విషయంలో ఎవరికీ సందేహం లేదు. కాని కొనేవాడు వస్తువు విలువను చెప్పాలా? వర్తకులు ఇలా అనవచ్చు: “ధర తెలుసుకోవడం అమ్మేవాడి పని. బజారు తెలియడమే నా పెట్టుబడి. ఇది దుకాణం, ధర్మసత్రం కాదు.”

ఈ వాదనను తేలికగా తోసిపుచ్చలేం. ఇస్లాం లాభానికి హద్దు గీయలేదు. హజ్రత్ ఉర్వా (రజి)కు దైవప్రవక్త (సల్లం) ఒక గొర్రెను కొనమని ఒక దీనారు ఇచ్చారు. ఆయన దానితో రెండు గొర్రెలు కొని, ఒకదాన్ని ఒక దీనారుకు అమ్మి, గొర్రెనూ దీనారునూ తెచ్చి ఇచ్చారు. ప్రవక్త (సల్లం) ఆయన వర్తకంలో శుభం కలగాలని దుఆ చేశారు. ఇది బుఖారీలో ఉంది. మదీనాలో ధరలు పెరిగినప్పుడు ధరలు నిర్ణయించమని ప్రజలు కోరితే, ధరలను నిర్ణయించేవాడు అల్లాహ్‌యేనని చెప్పి ఆయన నిరాకరించారు. కాబట్టి ఎక్కువ లాభం వచ్చినంత మాత్రాన అది పాపం కాదు.

కాని ఇదే బజారు గురించి ప్రవక్త (సల్లం) మరో ఆదేశం కూడా ఇచ్చారు. పల్లెల నుండి సరుకు తెచ్చే బిడారులు ఊరు చేరకముందే ఎదురు వెళ్ళి కొనడాన్ని ఆయన నిషేధించారు. ఎవరైనా అలా కొంటే, సరుకు యజమాని బజారుకు వచ్చిన తర్వాత బేరాన్ని రద్దు చేసుకునే హక్కు అతనికి ఉందని తెలిపారు. ఆ సరుకులో లోపం లేదు, కొన్నవాడు అబద్ధమాడాడన్న ప్రస్తావనా లేదు. అమ్మినవాడికి బజారు ధర తెలియదు, కొన్నవాడు ఆ తెలియనితనాన్నే కొనుక్కున్నాడు. బజారు చూడకుండానే ఫోను ఇచ్చివెళ్ళిన వృద్ధురాలు ఆ బిడారు మనిషి లాంటిది కాదా?

ఫిఖ్హ్ పండితులు ఈ నష్టాన్ని ‘గబ్న్’ అన్నారు. షాఫిఈ పండితుల దృష్టిలో కేవలం ధరలో నష్టం వల్ల బేరం రద్దు కాదు. హంబలీ పండితులు, ధర తెలియక ఎదుటివాడిపై నమ్మకం ఉంచి బేరం చేసినవాడికి రద్దు చేసుకునే హక్కు ఇచ్చారు. హనఫీ ఫిఖ్హ్ ఆధారంగా ఉస్మానియా ఖిలాఫత్‌లో 1869–1876 మధ్య కూర్చిన ‘మజల్లా’ శాసనం, సాధారణ వస్తువులలో విలువకు 20వ వంతు, పశువులలో 10వ వంతు, స్థిరాస్తిలో 5వ వంతు తేడా వస్తే దాన్ని ‘తీవ్రమైన నష్టం’గా లెక్కించింది. అయితే అందులో మోసం కూడా కలిసినప్పుడే రద్దు హక్కు ఇచ్చింది. చట్టం ఎక్కడ జోక్యం చేసుకోవాలన్న విషయంలో వారి మధ్య అభిప్రాయభేదం ఉంది. నమ్మి వచ్చినవాడి తెలియనితనాన్ని సొమ్ము చేసుకోవడం మంచి పని అని మాత్రం వారిలో ఎవరూ అనలేదు.

హజ్రత్ షుఐబ్ (అలై) తన జాతికి చేసిన బోధ ఖుర్ఆన్‌లో పలుచోట్ల ఉంది. కొలతలు, తూనికలు సరిగా ఉంచమని చెప్పిన వెంటనే ఆయన, ప్రజల వస్తువుల విలువను తగ్గించవద్దని కూడా అన్నారు. తూకం తగ్గించడం అమ్మేవాడి పాపం. ఇతరుల వస్తువును చులకన చేయడం ముఖ్యంగా కొనేవాడి పాపం. ముతఫ్ఫిఫీన్ సూరా మొదట్లో, తీసుకునేటప్పుడు నిండుగా తీసుకుని ఇచ్చేటప్పుడు తగ్గించి ఇచ్చేవారికి వినాశం ఉందన్న హెచ్చరిక ఉంది. ఉదయం కొనేటప్పుడు “ఇది పాత మోడల్, ఎవరూ అడగడం లేదు” అని, సాయంత్రం అదే ఫోనును అమ్మేటప్పుడు “కొత్తదానిలా ఉంది, దొరకడమే కష్టం” అని చెప్పే నాలుక కూడా ఒక దొంగ త్రాసే.

సహాబీ చూపిన బాట

హజ్రత్ జరీర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి) ప్రతి ముస్లిం పట్ల శ్రేయోభిలాషతో ఉంటానని దైవప్రవక్త (సల్లం)కు మాట ఇచ్చారు. ఆయన సేవకుడు ఆయన కోసం ఒక గుర్రాన్ని మూడు వందల దిర్హములకు బేరమాడి, యజమానిని వెంటబెట్టుకు వచ్చాడు. జరీర్ (రజి) గుర్రాన్ని చూసి, దాని విలువ అంతకంటే ఎక్కువని యజమానికి చెప్పారు. వంద వంద చొప్పున పెంచుతూ ఎనిమిది వందలకు కొన్నారు. ఎవరైనా ప్రశ్నిస్తే, తాను ఇచ్చిన మాటను గుర్తు చేశారు. తబ్రానీ ఉల్లేఖించిన ఈ సంఘటనలో ఆయన అమ్మేవాడు కాదు, కొనేవాడు.

అందరూ జరీర్ (రజి) కాలేరు, నిజమే. ఇమామ్ గజాలీ తన ‘ఇహ్యా’లో వర్తకాన్ని చర్చిస్తూ న్యాయాన్ని (అద్ల్), ఔదార్యాన్ని (ఇహ్సాన్) వేరువేరు అధ్యాయాలుగా రాశారు. నహ్ల్ సూరా 90వ ఆయతు ఈ రెండింటినీ ఆదేశిస్తుంది. జరీర్ (రజి) చేసింది ఇహ్సాన్. మన దుకాణదారుల నుండి కనీసం అద్ల్ కోరడం అన్యాయమేమీ కాదు.

మరి న్యాయమైన ధర ఎంత? తొమ్మిది వేలకు అమ్ముడుపోయే ఫోనును తొమ్మిది వేలకే కొనమని ఎవరూ అనరు. బ్యాటరీ మార్చడానికి వెయ్యి కావచ్చు. అద్దె, కరెంటు, వస్తువు అమ్ముడుపోక నిలిచిపోయే ప్రమాదం, కొన్నవాడు వారం తర్వాత తిరిగి తెస్తే సరిచేసి ఇవ్వాల్సిన బాధ్యత, ఆపైన అతని కష్టానికి లాభం ఉన్నాయి. ఇవన్నీ తీసివేస్తే అయిదున్నర వేలో, ఆరు వేలో తేలవచ్చు. దీనికి ఒక తేలికైన పరీక్ష ఉంది: ఈ లెక్కను అమ్మడానికి వచ్చిన మనిషి ముందే పైకి చెప్పగలమా? చెప్పగలిగితే అది లాభం. చెప్పడానికి నోరు రాకపోతే అది ఆ మనిషి సొమ్ము.

ఎక్స్‌చేంజ్‌లో రెండు ధరలు

బంగారం, వెండి, గోధుమ, బార్లీ, ఖర్జూరం, ఉప్పు అనే ఆరు వస్తువులను అదే రకంతో మార్చుకునేటప్పుడు హెచ్చుతగ్గులు వడ్డీ అవుతాయని హదీసు స్పష్టం చేసింది. ఫోన్లు ఆ కోవలోకి రావు. పాత ఫోనుకు పైన డబ్బు కట్టి కొత్తది తీసుకోవడం ధర్మసమ్మతమే. అయినా హజ్రత్ బిలాల్ (రజి) సంఘటనలో మనకొక పాఠముంది. ఆయన రెండు సాల నాసిరకం ఖర్జూరం ఇచ్చి ఒక సా మేలురకం తెచ్చినప్పుడు ప్రవక్త (సల్లం) వారించి, ముందు నాసిరకాన్ని అమ్మి, వచ్చిన సొమ్ముతో మేలురకం కొనమన్నారు. అక్కడ అది వడ్డీ నుండి కాపాడే ఆదేశం. మన విషయంలో అది విధి కాకపోయినా మంచి దారి. రెండు బేరాలు విడిగా ఉంటే రెండు ధరలూ బయటపడతాయి.

ఎక్స్‌చేంజ్ ప్రకటనలలో తరచు పాత ఫోను ధర పెంచి చూపుతారు, కొత్త ఫోనుపై ఇవ్వగలిగిన తగ్గింపును ఆపేస్తారు. మన దేశపు 2017 జీఎస్టీ నియమాలలోని 27వ నియమం కింద ఒక ఉదాహరణే ఉంది: పాత ఫోను తీసుకుని కొత్తది 20 వేలకు ఇచ్చి, ఎక్స్‌చేంజ్ లేకుండా దాని ధర 24 వేలైతే, కొత్త ఫోను విలువను 24 వేలుగానే లెక్కించాలి. అంటే పాత ఫోను కూడా డబ్బుతో సమానంగా చెల్లించిన మూల్యమే. కనుక దుకాణంలో ముందు “పాతది లేకుండా దీని ధర ఎంత?” అని అడగండి. తర్వాత “ఇది ఇస్తే ఎంత తగ్గుతుంది?” అని అడగండి. ఆ తేడాయే మీ ఫోనుకు నిజంగా కట్టిన విలువ. ఆబిడ్స్ జగదీష్ మార్కెట్ లాంటి చోట రెండు మూడు దుకాణాలలో విచారించడం బేరానికి మర్యాదే. పెద్దవారు ఒంటరిగా వెళుతుంటే ఇంట్లోని పిల్లలు వెంట వెళ్ళడం సేవ.

ఇచ్చేవారి బాధ్యతలు

న్యాయం ఒక వైపు నుండే కోరరాదు. స్క్రీను మార్పించారా, నీరు తగిలిందా, ఛార్జింగ్ నిలుస్తుందా అని అడిగితే ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. అడగకపోయినా చెప్పాలి. “పెద్ద కంపెనీ కదా, దానికేం నష్టం?” అనే మాట విశ్వాసికి తగదు. ఆన్‌లైన్ ఫారంలో ‘అవును’, ‘కాదు’ అని నొక్కే ప్రతి వేలూ సాక్ష్యమే ఇస్తోంది. సత్యం చెప్పి, లోపాన్ని వివరించిన ఇద్దరి బేరంలో శుభం (బర్కత్) ఉంటుందని, దాచి, అబద్ధమాడితే ఆ శుభం తుడిచిపెట్టుకుపోతుందని బుఖారీ, ముస్లిం హదీసు తెలియజేస్తోంది.

ఫోను ఇచ్చేముందు ఖాతాల తాళం తీయాలి. లేకపోతే కొన్నవాడి చేతిలో అది రాయి. ఇంటి ఆడవారి ఫొటోలు పూర్తిగా చెరిపివేయాలి. పొరపాటున మిగిలితే, దుకాణదారుడికి అవి అమానతు, చూడకుండా తుడిచివేయడమే అతని ధర్మం. దొంగ ఫోను కొనకుండా ఐఎంఈఐ నంబరును సరిచూడాలి. 2023 మేలో కేంద్ర టెలికాం శాఖ ప్రారంభించిన సంచార్ సాథీలో ఈ సౌకర్యం ఉంది. చవకగా వచ్చిందని కళ్ళు మూసుకోవడం దొంగతనంలో భాగం పంచుకోవడమే.

చివరిగా ఒక మాట. సెకండ్ హ్యాండ్ ఫోన్ల దుకాణాలలో మన యువకులు ఎందరో పనిచేస్తున్నారు. వారి ఇళ్ళలో ఉడికే అన్నం ఆ బేరాల నుండే వస్తోంది. దైవప్రవక్త (సల్లం) ప్రళయదినాన దివాలా తీసేవాడి గురించి చెప్పారు. అతను నమాజులు, రోజాలు, జకాత్ వెంట తెచ్చుకుంటాడు, కాని ఇతరుల సొమ్ము తిని ఉండడం వల్ల ఆ పుణ్యాలన్నీ హక్కుదారులకు పంచబడతాయి. రెండు వేలకు తీసుకున్న ఫోను ఖరీదు ఆనాడు నమాజులతో చెల్లించాల్సి వస్తే, అంతకంటే ఖరీదైన బేరం ఏముంటుంది? హక్కుదారు ఇంకా మన పేటలోనే ఉంటే వెళ్ళి తేడా ఇచ్చివేయడం తేలిక. ఎక్కడున్నారో తెలియకపోతే, వారి పేరున దానం చేయాలని పండితులు చెప్పారు. ఇప్పుడైతే ఆ లెక్క రూపాయలలోనే తీరుతుంది.

అల్లాహ్ మనకు ధర్మసమ్మతమైన సంపాదనను, సత్యం పలికే నాలుకను, ఇతరుల వస్తువుకు సరైన విలువ కట్టే మనసును ప్రసాదించుగాక! ఆమీన్.