పిడికెడు గింజలు

దానమునకు పాత్రుడెవ్వడని మన ధర్మశాస్త్రములు విస్తరించి విచారించినవి. ఇచ్చుటకు అర్హుడెవ్వడను ప్రశ్న మనకంతగా తోచలేదు. కలవాడిచ్చును, లేనివాడు పుచ్చుకొనును; ఇంతటితో విషయము తీరినదనుకొంటిమి. రంతిదేవుడు కడపటి నీటిని సైతము దప్పిగొన్నవానికిచ్చెనని భాగవతమున చదివి కన్నీరు విడుతుము. కాని ఆతడు రాజు. తరతరముల పేదవాని మాట యేమి?

నెల్లూరు మండలపు పడమటి మెట్టసీమలో ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వంటయిండ్లనుండి వచ్చినది. 1840లో నెల్లూరున నెలకొన్న అమెరికను బాప్టిస్టు మిషను 1885లో ఉదయగిరియందును, 1893లో ఆత్మకూరునందును స్థానముల నేర్పరచుకొనెను. ఆ మతమును స్వీకరించినవారిలో పెక్కురు ఊరి వెలుపల నిలుపబడిన మాల మాదిగ కుటుంబములవారు. లోకము వారిని పుచ్చుకొనువారినిగానే యెరిగియుండెను. వారి చాకిరికి రావలసిన కూలి సైతము దయగా నెంచబడెడిది.

తెలుగు క్రైస్తవ కుటుంబములలో పిడికెడు బియ్యమను ఆచారమొకటి కలదు. ఎసటిలో పోయుటకు ముందు ఇల్లాలు కొలిచిన గింజలనుండి పిడికెడు తీసి వేరొక కుండలో వేయును. బియ్యము లేని యింట జొన్నలైనను సరియే. బిడ్డలు దీనిని దినదినము చూతురు. ఉపదేశమక్కరలేదు, తమ యింటను ఒరులకీయదగినది కలదని వారి కంటికే తెలియును. యెరూషలేము దేవాలయపు కానుకపెట్టెలో రెండు కాసులు వేసిన విధవరాలి కథ వారికి పరదేశపు కథగా తోచదు.

ఆకలిగొన్న యింటినుండి పిడికెడు తీసికొనుట న్యాయమా? ఈ యాక్షేపణ త్రోసివేయరానిది. పద్దు వ్రాసి, తక్కువైనచో మందలించి రాబట్టినయెడల అది శిస్తేగాని దానము కాదు. అయినను, పేదవాడు ఈయనక్కరలేదని మనము కరుణతో పలుకునప్పుడు, వానిని మరల పుచ్చుకొనువాని చోటనే కూర్చుండబెట్టుచున్నాము. అట్టి కరుణకంటె ఆ తల్లి పిడికెడే మాకు గౌరవనీయముగా తోచుచున్నది.

కోతపండుగనాడు గుమ్మడికాయను, కోడిపుంజును వేలము వేసి, హెచ్చుగా పాడినవాని పేరు బిగ్గరగా చెప్పుటయు కలదు. కుడిచేయి చేసినది ఎడమచేతికి తెలియరాదను మతమున ఈ చాటింపు ఎట్లు చొచ్చినదో! మన సత్రముల గోడలమీది చలువరాతి పేరులను చూచినవారికి ఇది వింత కాదు లెండి. కుండలోని గింజలకు ఈ చిక్కు లేదు. ప్రార్థనాలయమున అన్ని యిండ్లవియు ఒక్క గోనెలో కలిసిపోవును. ఎవరి పిడికెడేదో పాస్టరు సైతము చెప్పజాలడు. అందుండి యజమాని మంచమెక్కిన కుటుంబమునకు కొంత పోయినదనుకొందము. ఆ యింటి యిల్లాలును రేపు గింజలు కొలుచునప్పుడు పిడికెడు తీసి తన కుండలో వేయవచ్చును, వలదనువారెవరు?