మృతులు మనకు వినోదమా?

కొందరు యువకులు కెమెరాలు పట్టుకొని దయ్యాల జాడ వెదకబోతారు, తిరిగి రారు. తరువాత దొరికిన టేపే సినిమా. ఈ తరహాకు పేరు తెచ్చింది 1999లో అమెరికాలో వచ్చిన 'ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్'. జనాన్ని నమ్మించడానికి నటులు తప్పిపోయారని ప్రకటనలు అంటించారు. బ్రతికే ఉన్న నటి తల్లికి సానుభూతి కార్డులు వచ్చాయి! మన తెలుగు 'రాజుగారి గది' (2015)లోనూ దయ్యాల బంగళాలో టీవీ పోటీ పెడతారు.

కల్పనను కల్పనగా చూడడం పాపమా? కాదు. కాని మన మాచవరంలోనే ఒక ఇంట్లో ఎవరో అకాల మరణం పొందారనుకోండి. దానికి 'దయ్యాల కొంప' అని పేరుపెట్టి కుర్రవాళ్లు సెల్‌ఫోన్లతో దూరితే, పక్క వీధిలోని కన్నతల్లి ఏమైపోతుంది? మనకది వినోదం, ఆమెకు బిడ్డ.

సౌలు రాజు ఎండోరులో సమూవేలును రప్పించుకున్నాడు, దక్కింది భయమే. మృతులను పిలిపించవద్దని, వారికోసం ప్రార్థించమని శ్రీసభ బోధిస్తుంది. నవంబరు 2న సమాధులపై కొవ్వొత్తులు వెలిగించేది అందుకే. కెమెరా మృతుల నుండి ఏదో లాక్కోజూస్తుంది, ప్రార్థన వారికి ఇస్తుంది.

తల్లిదండ్రులారా, అలాంటి సినిమా చూసి పిల్లలు భయపడితే కసరకండి. ఆ రాత్రి మీ ఇంటి మృతుల పేర్లు తలచి, వారిచేత ఒక పరలోక జపం చెప్పించండి.