ఇంటివారికి చెప్పవలసిన మాట



నా దేహమును గూర్చి వైద్యుడు నాతో చెప్పిన సంగతి నా ఒక్కనిదేనా? దానిని దాచుకొను హక్కు నాకు కలదా? మన తాతల కాలములో ఈ ప్రశ్న ఎవరికిని పుట్టియుండదు. ఇప్పుడది మన పల్లె సంఘములలోనికి కూడ వచ్చినది గనుక ఈ నెల దీనిని గూర్చి ఆలోచింతము.

మునుపు ఒంటిలో గడ్డ లేచినయెడల డాక్టరుగారు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపెడివారు. దానిని సూక్ష్మదర్శినిలో చూచి, ఇది కాన్సరు, ఇది కాదు అని చెప్పెడివారు. నేడును అట్లే చూతురు గాని అంతటితో ఆగరు. మన కణములలో తల్లివలనను తండ్రివలనను వచ్చిన ఒక వ్రాత యున్నది. అందులోని ఒక్కొక్క భాగమును జన్యువు అందురు. ఆ వ్రాతను చదువు పనిని పలు దేశముల శాస్త్రజ్ఞులు 1990లో ఆరంభించి 2003లో చాలవరకు ముగించిరి. మిగిలిన ఖాళీలు 2022లో నిండెను. ఇప్పుడు ఆ గడ్డ కణములలో ఏ జన్యువు చెడినదో చూచి, దానికి తగిన మందు ఏర్పరచుచున్నారు.

ఇది ఎంత మేలో ఒక దృష్టాంతము చెప్పెదను. 1960లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఇద్దరు పరిశోధకులు, ఒక విధమైన రక్త కాన్సరు గలవారి కణములలో ఒక క్రోమోజోము కురచగా నుండుట కనుగొనిరి. ఆ లోపమువలన కలుగు చెరుపును అడ్డగించు ఇమాటినిబ్ అను మాత్ర 2001లో వాడుకకు వచ్చెను. కొన్ని యేండ్లలో ప్రాణము తీయుచుండిన ఆ రోగముతో నేడు అనేకులు మాత్ర మింగుచు తమ పనులు తాము చేసికొనుచున్నారు. దేవుడు మనుష్యునికిచ్చిన జ్ఞానమునకు మనము స్తోత్రము చెల్లించవలదా?

అయితే కొన్ని లోపములు గడ్డలో మాత్రమే పుట్టును; కొన్ని వంశములో దిగివచ్చును. రొమ్ము కాన్సరులలో నూటికి అయిదు మొదలు పది వరకు ఇట్లు దిగివచ్చినవే. వీటిలో ముఖ్యమైనవి బ్రాకా 1, బ్రాకా 2 అను జన్యువులలోని లోపములు. ఈ జన్యువులు 1994, 1995 సంవత్సరములలో గుర్తింపబడెను. తల్లికి గాని తండ్రికి గాని ఆ లోపమున్నయెడల ప్రతి బిడ్డకును అది వచ్చుటకు సగము పాలు అవకాశము కలదు. అది యున్న స్త్రీలలో నూటికి అరువదిమందికి పైగా తమ జీవితకాలములో రొమ్ము కాన్సరు పాలగుదురు. అండాశయ కాన్సరు భయము కూడ హెచ్చు. అందరికిని రాదు. ముందుగా తెలిసినవారు తరచు పరీక్షలు చేయించుకొని తొలిదశలోనే పట్టుకొనవచ్చును. కొందరు వైద్యుల సలహాపై ముందే ఆపరేషను చేయించుకొందురు.

మా సంఘములో నలువది దాటిన ఒక సహోదరికి ఈ రోగము వచ్చెను. ఆమె తల్లియు దానితోనే పోయినది. పట్నములోని వైద్యులు రక్తము పరీక్షించి బ్రాకా లోపమున్నదని తేల్చి, “నీ చెల్లెలిని, తమ్ముని, నీ కూతురిని కూడ పరీక్ష చేయించుకొమ్మని చెప్పు” అనిరి. ఆమె నాయొద్దకు వచ్చి కన్నీటితో, “అయ్యగారూ, ఈ మాట మీలోనే ఉంచండి. పెళ్లికెదిగిన పిల్ల ఉంది. మా రక్తంలోనే రోగముందని తెలిస్తే దాన్ని ఎవరు చేసుకుంటారు? మా అమ్మ ఏ పాపం చేసిందో అని ఇప్పటికే అంటున్నారు” అనెను.

నేను మాట యిచ్చితిని, ప్రార్థించితిని, పంపితిని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆమె చెల్లెలు ప్రతి ఆదివారము మా గుడిలో మూడవ వరుసలో కూర్చుండును. ఆమెకు ఇద్దరు చిన్నబిడ్డలు. నేను మాట తప్పరాదు. కాని ఈ మౌనమువలన ఆమెకు కీడు కలిగినయెడల నేను ఏమని చెప్పుకొందును? మరియొక సంగతియు నన్ను గ్రుచ్చెను. పాపముయొక్క ఫలమే రోగమని నేను కూడ ఒకటి రెండు ప్రసంగములలో తొందరపడి పలికియుంటిని. ఆ సహోదరి నోరు మూయించినవారిలో నేనును ఒకడను.

యోహాను సువార్త 9వ అధ్యాయము చూడుడి. పుట్టుగ్రుడ్డివానిని చూచి శిష్యులు, తప్పు ఇతనిదా, కన్నవారిదా అని విచారించిరి. ప్రభువు ఆ రెండు నిందలను త్రోసివేసి, అతని కన్నులు తెరచుటకు పూనుకొనెను. జన్యువును తల్లి ఏరి బిడ్డకిచ్చుట లేదు. తానెన్నుకొనని దానికి ఆమె దోషి యెట్లగును? సిగ్గుపడవలసినది రోగి కాదు, నిందించు నాలుక.

రెండవ రాజుల గ్రంథము 7వ అధ్యాయములో నలుగురు కుష్ఠరోగులున్నారు. షోమ్రోను పట్టణము కరవుతో అలమటించుచుండగా వారు ఖాళీయైన సిరియనుల దండులో ఆహారము కనుగొనిరి. మొదట తిని, త్రాగి, దొరికినది దాచుకొనిరి. పిమ్మట, మనము ఊరకుండుట మంచిది కాదని తమలో తాము చెప్పుకొని, ఆ రాత్రియే వెళ్లి పట్టణపువారికి తెలిపిరి. ఊరు వెలివేసిన రోగులే ఊరిని బ్రదికించు వార్త మోసిరి! రోగముతో నున్న మన సహోదరి చేతిలోను అట్టి వార్తయే యున్నది.

అందుచేత నేను మరల ఆమె యింటికి వెళ్లి, మొదట నా ప్రసంగములను గూర్చి క్షమాపణ వేడితిని. తరువాత ఈ కథ చదివి, “అమ్మా, ఊరికి చెప్పనక్కరలేదు. నీ తోడబుట్టినవారికి చెప్పు. నేను చెప్పను, చెప్పవలసినది నీవే” అంటిని. ఆమె చాలసేపు మాటాడలేదు.

మూడు వారములకు ఆమె చెల్లెలికి చెప్పెను. చెల్లెలు మొదట కోపించి రెండు నెలలు ఆ గడప త్రొక్కలేదు. పిమ్మట అక్కయే తోడురాగా పరీక్షకు వెళ్లెను. ఫలితము వారిది, ఇక్కడ వ్రాయుట నా పని కాదు. తమ్ముడు మాత్రము, “నాకు తెలియనక్కర లేదు” అనుచున్నాడు. అతనికి ఆ స్వేచ్ఛ కలదు. తలుపున్నదని చూపుట మన ధర్మము. లోపలికి నెట్టుట కాదు.

కాబట్టి ప్రియులారా, రెండు సంగతులు మరువకుడి. వంశములో దిగివచ్చు రోగమును గూర్చిన మాట రక్తసంబంధులకు చెందినది. వారికి దాచుట ప్రేమ కాదు. అది అరుగుమీది ముచ్చటకు చెందినది కాదు. అక్కడ దానిని చాటుటయు ప్రేమ కాదు. సంబంధము చూచునప్పుడు ఒకరి ఇంటి రోగమును ఎత్తిచూపు నోరు మన సంఘములలో ఉన్నంతకాలము ఏ తల్లియు ధైర్యముగా నిజము చెప్పజాలదు. ఆమెను చెప్పుమని అడుగుటకు ముందు, ఆమె మాట వినదగినవారమగుటకు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.