ఎవరూ లేని చోటు

ఉద్యోగం కోసం గణపవరంలో ఉంటున్నాం గానీ, మేము నలుగురం పోలవరం, బుట్టాయగూడెం వైపు కొండ గూడేల్లో పుట్టినవాళ్ళం. సముద్రం మాకు ముందు నాలుకకు తెలిసింది, చాలా ఏళ్ళకు గానీ కంటికి తెలియలేదు. సంతలో మెత్తళ్ళు కొనుక్కుని తినేవాళ్ళం. అవి ఎవరి చేతుల మీదుగా కొండెక్కాయో ఎప్పుడూ అడగలేదు.

పోయిన డిసెంబరు సెలవుల్లో వీపున సంచులు తగిలించుకుని భీమవరం, నరసాపురం మీదుగా పేరుపాలెం వెళ్ళాం. కార్తీక మాసం ఆదివారాల్లో అక్కడ కాలు పెట్టే సందుండదు. మాకు సందడి వద్దు. బడ్డీ కొట్లు కనబడనంత దూరం ఒడ్డు వెంట నడిచాం. ఒకపక్క సరుగుడు తోటలు, ఒకపక్క అలలు. మాలో చిన్నవాడు ఫోటో తీసి, "మనుషులే లేని చోటు" అని రాసి అందరికీ పంపాడు. మిగతా ముగ్గురం కాదనలేదు. చదునైన ఇసుక, పక్కనే ఒక గుంజ కనబడితే దానికి తాడు కట్టి టెంటు వేశాం.

తెల్లారేసరికి ఒక మామ్మ వచ్చి నిలబడింది. వెనక గంపలతో ఇద్దరు ఆడవాళ్ళు. "బాబూ, ఇది మేం మెత్తళ్ళు ఎండేసుకునే చోటు, కాస్త అటు జరుగుతారా?" అంది. కొంచెం అవతల రెండు వరసల మనుషులు అలివి వల లాగుతున్నారు. మేము టెంటు కట్టిన గుంజ వాళ్ళదే. ఎవరూ లేని చోట గుంజ ఎవరు పాతారన్న ఆలోచన రాత్రి మా నలుగురు చదువుకున్నవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

సిగ్గేసింది. పాపికొండలు చూడవచ్చేవాళ్ళు పడవలోంచి కొండరెడ్ల పోడు బీడును చూసి "ఉత్త కొండ" అంటే ఎన్నిసార్లు మండిపడ్డాం! నేల కోలుకోవాలని వదిలిన చోటది. అమెరికాలో 1872లో యెల్లోస్టోన్‌ను పార్కుగా ప్రకటించారు. అక్కడ తరతరాలుగా తిరిగి, వేటాడి బతికిన ఆదివాసులను ఆ తర్వాత బయటికి పంపారు. 1964లో ఆ దేశమే చేసిన అరణ్య చట్టంలో, అరణ్యమంటే మనిషి వచ్చిపోయే చోటే గానీ ఉండిపోయే చోటు కాదని రాసుకున్నారు. మన భాషల్లో అడవికి అలాంటి అర్థం చెబితే ముసలివాళ్ళు నవ్వుతారు.

"చెట్టు కొట్టలేదు, చెత్త వెయ్యలేదు, జరగమంటే జరిగాం. తప్పేముంది?" అని మాలో ఒకరు వాదించారు. న్యాయమైన ప్రశ్నే. తెలియక టెంటు వెయ్యడం పెద్ద నేరమేమీ కాదు. కానీ నిజంగా తెలియకనా? గుంజ కళ్ళెదుటే ఉంది. సెలవులు, డబ్బు, కాళ్ళనొప్పులు అన్నీ ఖర్చుపెట్టి మేము వెళ్ళిందే ఎవరూ లేరనుకోవడానికి. అందుకే ఉన్నవాళ్ళ గుర్తులు కంటికి ఆనలేదు. చెడ్డ ఉద్దేశం లేకుండానే మనిషిని లేకుండా చెయ్యొచ్చన్నమాట.

ఈ చోటికి పట్టా ఉందా అని కూడా అడిగాం (టీచర్ల అలవాటు). "పట్టా ఏముంటుంది బాబూ, మా అత్తగారి నాటి నుంచీ ఇక్కడే" అంది మామ్మ. మనకు 1/70 ఉంది, 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఉంది. అమలు సంగతి మీకు తెలిసిందే. కాగితం లేనివాళ్ళను అడగక్కర్లేదంటే, మన తాతలను అడగనివాళ్ళ మీద మనకు కోపం దేనికి?

అలాగని వెళ్ళొద్దనం. మన పిల్లల్లో చాలామంది సముద్రం చూడలేదు, చూసి తీరాలి. కొండవాడు కొండ మీదే ఉండాలనేవాళ్ళు ఎటూ ఉన్నారు, వాళ్ళకు మనం తోడు కానక్కర్లేదు.

టెంటు తీసేసి, గంపలు దింపడానికి సాయం పట్టాం. వచ్చేటప్పుడు తలా కాసిని మెత్తళ్ళు కొన్నాం. చిన్నవాడు ఫోటో కింద రాసింది తీసేసి "మెత్తళ్ళు ఎండేసే చోటు" అని పెట్టాడు. వచ్చే ఏడు పిల్లల్ని తీసుకొస్తాం, ఎప్పుడు రమ్మంటావని మామ్మనడిగాం.

"వల లాగే రోజు రండి, ఆళ్ళూ ఓ చెయ్యేస్తారు" అంది.