ఆళ్ళు చాలరు



చెనిక్కాయ కట్టె పెరికే రోజుల్లో పామిడి చుట్టుపక్కల ఏ ఇంటికి వెళ్ళినా ఒకటే మాట: "ఆళ్ళు చాలరు సామీ." నేల గట్టిపడితే కాయలు తెగి మట్టిలోనే ఉండిపోతాయి. అందరి చేలూ ఒకేసారి పక్వానికొస్తాయి గనుక అందరికీ ఆ వారమే ఆళ్ళు కావాలి. మిగతా నెలల్లో ఆ ఆళ్ళే పని లేక బెంగళూరు బస్సెక్కుతారు. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న మన జిల్లా బండ్లపల్లిలోనే మొదలైంది. అది వచ్చాకే కూలీలు దొరకడం లేదని రైతులు, కూలి గిట్టకనే రావడం లేదని కూలీలు అంటారు. రెండింటిలోనూ నిజముంది.

"చాలరు" అంటే "లేరు" అని కాదు. పనిని, మనుషులను పక్కపక్కన పెట్టి చూసిన లెక్క అది. "దొరకరు" అనే మాట వేరు. వెతికినవాడే ఆ మాట అనాలి.

పంట విస్తారం, పనివారు కొద్దిమంది అని ప్రభువు ఎప్పుడన్నాడు? కాపరి లేని గొర్రెల్లా చెదరిన జనాన్ని చూసి కడుపు తరుక్కుపోయినప్పుడు (మత్తయి 9:36-38). పంట పోతుందన్న ఆసామి బెంగ కాదది. పనివారిని పంపమని యజమానిని వేడుకోండి అన్నాడు. వెంటనే 10వ అధ్యాయంలో శిష్యులనే పిలిచి, ఆ పన్నెండుమందినే పంపాడు. అధ్యాయాల అంకెలు 13వ శతాబ్దంలో వేసినవి. మనం ఆ అంకె దగ్గరే ఆగిపోతాం. దైవపిలుపుల కోసం 1964 నుండి ఏటా తిరుసభ అంతటా ప్రత్యేక దినంగా ప్రార్థిస్తున్నాం. మన పిల్లవాడే గురువిద్యాలయానికి వెళ్తానంటే మాత్రం "ఒక్కగానొక్క కొడుకు సామీ" అంటాం.

ద్రాక్షతోట యజమానిని చూడండి (మత్తయి 20:1-16). ఒక్కరోజులో ఐదుసార్లు తానే బయటికి వెళ్ళాడు. సాయంత్రం ఐదింటికి కూడా అంగడివీధిలో మనుషులు నిలబడే ఉన్నారు. ఎందుకని అడిగితే, మమ్మల్నెవరూ పనికి పిలవలేదన్నారు.

మన విచారణల్లోనూ అలా నిలబడినవారున్నారు. పఠనాలు చక్కగా చదవగల కోడలు, రోగుల ఇళ్ళకు వెళ్ళే తీరిక ఉన్న రిటైరైన టీచరు, పదో తరగతి తప్పి ఇంట్లో కూర్చున్న కుర్రవాడు. ఈ కుర్రవాణ్ణి గుడి దగ్గర చూస్తే తిట్టేవాళ్ళే గానీ పని చెప్పేవాళ్ళు లేరు. ఉపదేశి లేడు, జపమాల చెప్పించేవారు లేరు అని మీరు వచ్చి చెబుతారు. వీళ్ళలో ఎవరి గడప ఎక్కి, ఎన్నిసార్లు పిలిచి వచ్చారు?