మర్యాద ఎందులో ఉంది?

మా హోసూరు పక్క పల్లెల్లో ఇంటికి చుట్టం వస్తే ముందు మజ్జిగ ఇచ్చేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు మజ్జిగ ఇస్తే మర్యాద తక్కువ అనుకొని, అంగడి నుంచి కూల్‌డ్రింకు తెప్పిస్తున్నారు. 300 మిల్లీలీటర్ల కూల్‌డ్రింకులో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. అంటే దాదాపు ఏడు చెంచాలు. పెద్దవాళ్లకు అదనపు చక్కెర రోజంతటికీ 25 గ్రాములు దాటకపోతే మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

వచ్చినాయనకు షుగరుందని తెలిసినా, "ఒక్క గ్లాసే కదా, తాగు మామా" అని బలవంతం చేస్తారు. కాదంటే వీళ్లు నొచ్చుకుంటారని ఆయన తాగేస్తాడు. 'ఎవరి తిండి వాళ్ల ఇష్టం' అంటారు కదా, మరి ఆ గ్లాసు ఎవరి ఇష్టం? తాగింది ఆయనే అయినా, అందులో పోసిచ్చినవాళ్ల బాధ్యత కూడా ఉంది. చుట్టం వద్దంటే ఒప్పుకోవడం కూడా మర్యాదే అని నా అభిప్రాయం. మంచినీళ్లయినా ప్రేమగా ఇవ్వొచ్చు.