నేర్చుకొనువాని హక్కు, బాధపడువాని హక్కు



కోతలు ముగిసిన తరువాత ఒకనాడు మీ గ్రామమునకు పట్టణమునుండి ఒక బస్సు వచ్చును. పాతిక ముప్పదిమంది యువతీయువకులు చాపలు, బకెట్లు, వంటపాత్రలు దించుకొని బడి వరండాలో బస చేయుదురు. ఉదయము వీధులు ఊడ్చి, మధ్యాహ్నము పుస్తకములు చేతబట్టుకొని ఇల్లిల్లు తిరుగుదురు. ఇంటిలో ఎందరున్నారు, ఎంత భూమి యున్నది, అప్పు ఎవరియొద్ద తెచ్చితిరి, ఇంటాయన త్రాగునా, పిల్ల బడి ఎందుకు మానెను అని అడుగుదురు. మన స్త్రీలు మంచినీళ్లిచ్చి, పీట వేసి, అడిగినదంతయు చెప్పుదురు. అడుగనిది కూడ కొంత చెప్పుదురు. వారము పది దినములైన పిమ్మట బస్సు తిరిగి వచ్చును, వారు వెళ్లిపోవుదురు. ఆ పుస్తకములును వారితో వెళ్లిపోవును.

వీరు సామాజిక సేవను విశ్వవిద్యాలయములో చదువుచున్న విద్యార్థులు. ఎం.ఎస్.డబ్ల్యు. అను ఈ చదువు రెండేండ్లది. విశాఖపట్నములోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తు, తిరుపతిలోని శ్రీ పద్మావతీ మహిళా విశ్వవిద్యాలయము, హైదరాబాదులోని రోడా మిస్త్రీ కళాశాల మొదలైన చోట్ల దీనిని నేర్పుచున్నారు. తరగతిలో పాఠము వినుట ఇందులో ఒక భాగము మాత్రమే. సాధారణముగా వారమునకు రెండు దినములు ఆసుపత్రికో, బాలల గృహమునకో, మురికివాడకో పోయి పనిచేయవలెను. దీనిని ఫీల్డు వర్కు అందురు. మీ ఊరికి వచ్చిన శిబిరము కూడ అందులోని భాగమే. మీలో కొందరి ఇండ్లకు ఈ విద్యార్థులు వచ్చియుందురు. మరి కొందరి బిడ్డలే ఈ విద్యార్థులై యుందురు. గనుక ఈ సంగతిని మీరు రెండు వైపులనుండి చూడగలరు.

రసాయన శాస్త్రము చదువువాడు గాజునాళికను పగులగొట్టిన యెడల కళాశాలకు కొద్దిపాటి నష్టము. వడ్రంగి యొద్ద పని నేర్చుకొను కుర్రవాడు పలకను వంకరగా కోసిన యెడల ఒక చెక్క పోవును, మేస్త్రి రెండు మాటలనును. అయితే మగని దెబ్బలు తిని ఆసుపత్రి మంచముపై నున్న స్త్రీతో మాటలాడుటకు ఒక విద్యార్థినిని పంపితిరనుకొనుడి. ఆమె వయస్సు ఇరువది రెండేండ్లు. ఆ దినము తొందరపడి, మీరేల సర్దుకొనిపోరాదని ఆమె ఒక మాట అనెను. ఆ మాటకు వెల కట్టువారెవరు? రోగి ముఖము గోడవైపు త్రిప్పుకొనును. మరి ఎవరికిని నోరు విప్పదు. విద్యార్థిని పొరపాటు దిద్దుకొని మంచి మార్కులే తెచ్చుకొనవచ్చును. గోడవైపు తిరిగిన స్త్రీ ఏమాయెనో ఆ మార్కులలో కనబడదు.

తప్పు చేయకుండ ఎవడును పని నేర్చుకొనలేడు, ఇది నిజము. నేర్చుకొనుటకు వచ్చినవానికి తెలియనివాడై యుండు హక్కు కలదు. అయితే వాని నేర్పు కొరకు తన దుఃఖమును పలకగా ఇచ్చెదనని ఆ స్త్రీ ఎన్నడును ఒప్పుకొనలేదు. కాగా విద్యార్థికి హక్కులేవి, బాధ్యతలేవి అని రెండు వేరు పట్టికలు వ్రాసి గోడకు తగిలించుట చాలదని నా తలంపు. విద్యార్థికి గల ప్రతి హక్కును పరిశీలించి చూడుడి. అది చివరకు ఆ మంచముమీది మనిషిని కాపాడుటకే నిలిచియున్నది. ఆ హక్కును తీసివేసినప్పుడు మొదట దెబ్బతినునది ఆ మనిషియే.

దీనికి మొదటి నిదర్శనము పర్యవేక్షణ. విద్యార్థి ఎవరిని కలిసెనో, ఏమి విన్నాడో, ఏమి పలికెనో వ్రాసి తేవలెను. అనుభవముగల ఒకరు దానిని చదివి, ప్రతి వారము అతనితో కూర్చుండి మాటలాడవలెను. ఇది విద్యార్థి హక్కు. జీతము కట్టినవాడు దీనిని గట్టిగా అడుగవచ్చును. కళాశాల ఒక్క ఉపాధ్యాయునికి మోయలేనంతమందిని అప్పగించి, సంతకములు మాత్రము పెట్టించుకొనినప్పుడు విద్యార్థికి అన్యాయము జరిగినదని అందరు ఒప్పుకొందురు. ఆ విద్యార్థి వెళ్లిన ఇండ్లకు జరిగిన అన్యాయమును మాత్రము ఎవరును లెక్కింపరు. అట్లే కొన్ని సంస్థలలో ఫీల్డు వర్కునకు వచ్చినవారిచేత రెండేండ్లు రిజిస్టర్లు వ్రాయించి, టీ తెప్పించి పంపివేయుదురు. అట్టివాడు పట్టముతో బయటికి వచ్చి, మొట్టమొదటి సారిగా ఒక దుఃఖితుని యెదుట ఒంటరిగా నిలుచును.

దయగల హృదయముంటే చాలదా, దీనికి చదువేల అని అడుగువారు మన సంఘములలో నున్నారు. ఒకప్పుడు లోకమంతయు అట్లే తలంచినది. 1898 వేసవిలో న్యూయార్కులోని ధర్మకార్యముల సంఘము వారు పేదల ఇండ్లకు వెళ్లువారికి ఆరు వారముల తరగతి పెట్టిరి. ధర్మము చేయు విధమును కూడ నేర్చుకొనవలెనని అప్పటికి వారికి తెలిసివచ్చెను. మన దేశములో ఈ పని బొంబాయిలో మొదలాయెను. క్లిఫర్డ్ మాన్‌షార్డ్ట్ అను అమెరికా మిషనరీ నాగ్‌పాడాలో, కూలివారు క్రిక్కిరిసి యుండు పేటలో, ఇరుగుపొరుగువారికి సేవాగృహము నడిపెను. మంచి మనస్సుతో వచ్చినవారు పని తెలియక తడబడుట ఆయన చూచెను. టాటా ధర్మనిధి సహాయముతో 1936లో సర్ దొరాబ్జీ టాటా పేర సామాజిక సేవా పాఠశాల ఆయన నాయకత్వమున తెరువబడెను. 1944లో దానికి టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్ అను పేరు వచ్చెను. 1964లో విశ్వవిద్యాలయముతో సమానమైన హోదా లభించెను. దయ చాలునని ఆయన అనుకొనియుండిన యెడల ఈ పాఠశాల లేకపోయెడిది.

ఇక రహస్యముల సంగతి. ఇక్కడ కొంచెము ఆగవలెను, ఏలయనగా పల్లెవాసులమైన మనకు దీని బరువు బాగుగా తెలియును. నూరు గడపల ఊరిలో ఒక మాట బావి దగ్గర పడినదనగా సాయంకాలమునకు చెరువుగట్టు చేరును. విద్యార్థి తన పుస్తకములో పేరు మార్చి వ్రాసెను, మంచిదే. కాని "దేవాలయము ప్రక్క రెండవ ఇల్లు, కుట్టుమిషను గల విధవరాలు" అని వ్రాసిన తరువాత పేరు మార్చి ఏమి లాభము? హాస్టలులో అన్నము తినుచు నవ్వుటకు చెప్పిన కథ, ఫోనులో స్నేహితులకు పంపిన ఫోటో, వీడ్కోలు సభలో చదివిన నివేదిక, ఇవన్నియు దొంగతనము వంటివే. దొంగ తిరిగి ఇయ్యవచ్చును. ఇవి తిరిగి ఇయ్యబడునవి కావు. ఒకని హెచ్.ఐ.వి. స్థితిని అతని సమ్మతి లేక బయలుపరచరాదని 2017 చట్టము చెప్పుచున్నది. సంరక్షణలోనున్న బాలుని పేరును చిత్రమును ప్రకటింపరాదని 2015 బాలల న్యాయ చట్టము శాసించుచున్నది. చట్టము పలుకని చోట్ల విద్యార్థి తన నోటికి తానే కాపలా యుండవలెను. (కాపరులమైన మాకును ఈ మాట వర్తించును. ప్రార్థనాంశమని చెప్పి ఒక కుటుంబపు గుట్టును సంఘమంతటి యెదుట విప్పుట ప్రార్థన యని నేనెన్నడును ఒప్పుకొనలేను.)

అయితే రహస్యమునకును ఒక హద్దు కలదు. పదేండ్ల పిల్ల విద్యార్థిని చేయి పట్టుకొని, ఎవరికిని చెప్పనని ఒట్టు పెట్టుమని అడిగి, తన ఇంటిలోని పెద్దవాడొకడు తనను చెరుపుచున్నాడని చెప్పెననుకొనుడి. పిల్లలపై లైంగిక నేరమును ఎరిగినవారు పోలీసువారికి తెలియజేయవలెనని 2012 పోక్సో చట్టము ఆజ్ఞాపించుచున్నది; చెప్పకపోవుట శిక్షకు తగిన నేరము. విద్యార్థి యని మినహాయింపు లేదు. ఒట్టు పెట్టిన తరువాత చెప్పిన యెడల పిల్ల దృష్టిలో మరియొక పెద్దమనిషి ద్రోహి యగును. చెప్పని యెడల పిల్ల ఆ ఇంటిలోనే యుండును. కావున నేర్పుగల ఉపాధ్యాయులు మొదటి దినమే ఈ పాఠము చెప్పుదురు: అట్టి ఒట్టు పెట్టవద్దు, "నీకు కీడు కలుగుచున్న యెడల నీకు సహాయము చేయగలవారికి నేను చెప్పవలసి వచ్చును" అని ముందుగానే పిల్లకు తెలియజేయుము. ఇంత చిన్న వాక్యము నేర్పక పిల్లల యొద్దకు విద్యార్థులను పంపుట ఘోరము. ఇది నేర్చుకొనుట విద్యార్థి బాధ్యత. అంతకుముందు, నేర్పబడుట అతని హక్కు.

తల్లిదండ్రులు సాధారణముగా అడుగునది, మా అమ్మాయి అట్టి పేటలకు ఒంటరిగా వెళ్లుట క్షేమమా యని. అడుగవలసినదే. 2015లో విశ్వవిద్యాలయ నిధుల సంఘము వారు చేసిన నియమములలో లైంగిక వేధింపు విషయమై కళాశాల హద్దు ప్రహరీగోడతో ఆగలేదు. విద్యార్థులు పని నేర్చుకొనుటకు వెళ్లు స్థలములును, శిబిరములును కళాశాలలోనివిగానే ఎంచబడినవి. అది బయట జరిగినది, మాకు సంబంధము లేదని ఏ ప్రిన్సిపాలును అనజాలడు. మరియొకటి కలదు. తన మనస్సును తాను తెలిసికొనవలెనని పర్యవేక్షకులు విద్యార్థులచేత తమ సొంత బాధలు కూడ చెప్పింతురు. త్రాగుబోతు తండ్రి చేతిలో పెరిగిన కుర్రవాడు, త్రాగుబోతు ఇంటికి వెళ్లివచ్చిన సాయంకాలము ఏడ్చును. ఆ ఏడ్పు స్టాఫు గదిలో మాటలకు వస్తువు కాకూడదు. తన గుట్టు దాచబడుట చూచినవాడే ఇతరుల గుట్టు దాచుట నేర్చుకొనును.

ఇప్పుడు కష్టమైన ప్రశ్న. ఒక విద్యార్థి పరీక్షలలో మొదటివాడు. అయితే ఇండ్లకు వెళ్లకయే వెళ్లినట్లు నివేదికలు వ్రాయును, లేదా మాలపల్లె గుమ్మము త్రొక్కుటకు అసహ్యపడును. ఎన్ని సారులు చెప్పినను మారడు. అతనిని తీసివేయవచ్చునా? ఎకరము అమ్మి చదివించిన తండ్రి గుమ్మము దగ్గర నిలిచి చేతులు జోడించునప్పుడు ఎవరి మనస్సు కరగదు? అయినను తీసివేయవలసినదే యని నేనందును. న్యాయవాది దారి తప్పిన యెడల 1961 చట్టము క్రింద బార్ కౌన్సిలు అతనిని నిలువరించగలదు. ఆసుపత్రులలో పనిచేయు సామాజిక సేవకులను 2021 చట్టము ఒకటి లెక్కలోనికి తెచ్చినను, సామాజిక సేవకులందరికి అట్టి కౌన్సిలు దేశములో లేదు. కళాశాల గుమ్మమే వారికి కట్టిన గుమ్మము. జాలితో పట్టమిచ్చి పంపు ఉపాధ్యాయుడు, తాను ఎన్నడును చూడని ఇండ్ల ఖర్చుమీద జాలి చూపుచున్నాడు.

కాని తీసివేయు విధమొకటి కలదు. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1718లో రిచర్డ్ బెంట్లీ యను పండితుని, తన న్యాయస్థానమును ధిక్కరించెనని, అతని మాట వినకయే పట్టములు ఊడబెరికెను. బెంట్లీ సాత్వికుడు కాడు, జగడములకు పేరుపడినవాడు. అయినను 1723లో రాజు న్యాయస్థానము ఆ పట్టములు తిరిగి ఇయ్యవలెనని తీర్పు చెప్పెను. ఆ తీర్పులో ఫోర్టెస్క్యూ అను న్యాయాధిపతి ఆదికాండమును జ్ఞాపకము చేసెను: ఆదాము పండు తినెనని దేవునికి తెలియును, అయినను శిక్షించుటకు ముందు ఆయన అతనిని పిలిచి ప్రశ్నించెను గదా! వేదాంత పాఠశాలలో ఆ అధ్యాయమును మేము పాపము గూర్చియే చదివితిమి. దానిలో నింద మోసినవాని హక్కు కూడ ఉన్నదని ఒక న్యాయాధిపతి చూపవలసి వచ్చెను. మన సుప్రీం కోర్టును 1962లో, పరీక్షలో అక్రమము చేసిరని ఫలితములు రద్దు చేయబడిన విద్యార్థుల విషయములో, వారి మాట వినకుండ శిక్షింపరాదని చెప్పినది. 2023 నియమముల ప్రకారము విద్యార్థుల ఫిర్యాదులు వినుటకు ప్రతి కళాశాలలో ఒక సంఘముండవలెను. అది పదునైదు పనిదినములలో తన నివేదిక ఇయ్యవలెను. ఆ పైని అంబుడ్స్‌మన్ కలడు. నోటీసు గోడమీద వారి పేర్లు లేని యెడల అడుగుడి.

విని, కారణము వ్రాసి చూపి, దిద్దుకొనుటకు తరుణమిచ్చి, అప్పుడును కాకపోయిన యెడల పంపివేయవలెను. అదియు మొదటి నెలలలోనే. రెండేండ్ల జీతము పుచ్చుకొని, చివరి నెలలో నీవు పనికిరావనుట న్యాయము కాదు. ఆ కుర్రవాడు లెక్కలకో బడిపంతులు పనికో తగినవాడై యుండవచ్చును, త్వరగా చెప్పినచో ఎకరములో కొంత మిగులును.

రాబోవు శీతకాలములో ఆ బస్సు మరల మీ ఊరికి వచ్చును. పీట వేయుడి, మంచినీళ్లియ్యుడి. పుస్తకము తెరువకముందు, అమ్మాయీ నీ పేరేమి, ఏ కళాశాల, నీపై పెద్ద ఎవరు, ఈ పుస్తకము ఎవరు చదువుదురు అని అడుగుడి. బాగుగా నేర్పబడిన విద్యార్థిని ఈ ప్రశ్నలకు నొచ్చుకొనదు. మీరు అడుగకముందే తాను విద్యార్థినినని, ఇష్టము లేని ప్రశ్నకు జవాబు చెప్పనక్కరలేదని తానే చెప్పును. చెప్పని యెడల, ఆమె పెద్ద ఆ సాయంకాలము బడి వరండాలోనే యుండును. వెళ్లి ఆయనతో మాటలాడుడి.